పాత కాగితాల్లోని గజాలు, లింకులు మీటర్లలోకి మార్చడం ఎలా?

మీ దగ్గర రెండు కాగితాలున్నాయన్నారు: టౌన్లో 200 గజాల స్థలం దస్తావేజు, ఊళ్లో పొలానికి లింకుల్లో కొలతలున్న ఎఫ్‌ఎంబీ (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) నకలు. రెండిటికీ ఒకే లెక్క సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. సరిపోతుందనుకునే నేను దెబ్బతిన్నాను.

నాదీ 200 గజాల స్థలమే. ఇంటి లోన్‌కి పెట్టినప్పుడు ఫారంలో విస్తీర్ణం చదరపు మీటర్లలో రాయమన్నారు. గజం అంటే 0.9144 మీటరు కదా అని ఫోన్లో 200ని దాంతో గుణించి 182.88 అని రాసేశాను. వారం తర్వాత ఇంజనీరు వచ్చి టేపు పట్టించాడు. వెడల్పు 10.97, పొడవు 15.24. "167 మీటర్లే వస్తోందండీ, మిగతా పదిహేను ఏవి?" అన్నాడు. నాకు చెమటలు పట్టాయి. పక్కింటాయన ప్రహరీ కట్టేటప్పుడు ఇటు జరిపాడేమోనని రాత్రంతా టెన్షన్. పొద్దున్నే పాత దస్తావేజు తీస్తే 36 అడుగులు, 50 అడుగులు అని ఉంది. అంటే 1800 చదరపు అడుగులు, తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 200 గజాలు. స్థలం ఎక్కడికీ పోలేదు. పాపం, పక్కింటాయన్ని అనవసరంగా అనుమానించాను.

తిరకాసంతా "గజం" అన్న మాటలో ఉంది. చీర ఆరు గజాలంటే పొడవు, 5.49 మీటర్లు. షాపులో ఐదున్నర మీటర్లనేది అందుకే. స్థలం 200 గజాలంటే మాత్రం చదరపు గజాలు, "చదరపు" అని మనం నోటితో అనం. కాబట్టి 0.9144తో రెండుసార్లు గుణించాలి, లేదా ఒక్కసారి 0.8361తో. మీ 200 గజాలు 167.2 చదరపు మీటర్లు. సెంటు అంటే 48.4 గజాలు, తెలంగాణలో గుంట అంటే 121.

ఇక లింకులు. సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. లింకు 20.1168 సెంటీమీటర్లు. నోటి లెక్కకి ఐదు లింకులు ఒక మీటరు అనుకోవచ్చు గానీ, గట్టు దగ్గర అలా అనుకోకండి. 500 లింకుల గట్టు 100 మీటర్లు కాదు, 100.58. ఆ అర మీటరు పైచిలుక్కే మా ఊళ్లో మాటలు ఆగిపోయిన ఇళ్లున్నాయి. విస్తీర్ణం కావాలంటే అసలు మీటర్ల జోలికే పోనక్కర్లేదు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. దీర్ఘచతురస్రంగా ఉన్న 150 లింకులు, 80 లింకుల మడి 12 సెంట్లు. ఇంత సుళువుగా మీటర్లలో రాదు.

మార్చేటప్పుడు మధ్యలో అంకెలు రౌండ్ చేయకండి, చివర్లో ఒక్కసారే చేయండి. అసలు కాగితం మీద ఏమీ రాయకండి, జిరాక్స్ మీద రాసుకోండి.

మీ అమ్మగారు చెప్పే మూరలు, జానల సంగతి వేరు. లెక్కకి మూర 18 అంగుళాలు, రెండు మూరలు గజం, నాలుగు మూరలు బార. కానీ మొన్న సరదాకి టేపు పెట్టి చూస్తే నా మూర 47 సెంటీమీటర్లు, మా ఆవిడది 42. పూలావిడ మూర ఎంతో కొలవడానికి ధైర్యం చాల్లేదు.