హార్స్‌పవర్ అంకెలూ, రోడ్డు మీది పికప్పూ

ప్రశ్న: 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొనాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇక్కడ రెండు బండ్లు అమ్మకానికి వచ్చాయి. ఒకటి ఆరు సిలిండర్లది, రెండోది వీ8 (వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్). వీ8 బండికి 225 హార్స్‌పవర్ అని అమ్మేవారు చెబుతున్నారు. అంటే అది ఇప్పటి కార్లకు దీటుగా పరుగెడుతుందా? రెండింటిలో ఏది తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, ఆస్టిన్, టెక్సాస్

జవాబు: ముందుగా ఆ 225 సంగతి చూద్దాం. 1971 వరకు అమెరికన్ కంపెనీలు సాధారణంగా ప్రకటించినది ‘గ్రాస్’ హార్స్‌పవర్. ఇంజన్‌ను విడిగా పరీక్షా స్టాండు మీద బిగించి, ఎయిర్ క్లీనర్, ఫ్యాన్, ఆల్టర్నేటర్, సైలెన్సర్ వంటి భారాలేవీ లేకుండా నడిపి కొలిచిన గరిష్ఠ శక్తి అది. 1972 మోడళ్ల నుంచి ఇవన్నీ బిగించి ఉండగా వచ్చే ‘నెట్’ అంకెను ఇవ్వడం పద్ధతిగా మారింది. 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలనూ ప్రకటించింది కనుక తేడా ఎంతో మనకు స్పష్టంగా తెలుస్తుంది: ఆ ఏడాది ఆ కంపెనీ స్పోర్ట్స్ కారు కార్వెట్‌లోని మామూలు 350 ఘనపు అంగుళాల ఇంజన్‌కు గ్రాస్ 270, నెట్ 210. అదే దామాషాలో లెక్కిస్తే మీరు చూసిన మస్టాంగ్‌కు నెట్ శక్తి 175 దరిదాపుల్లో ఉంటుంది. ఇది నా అంచనా మాత్రమే, ఫోర్డ్ చెప్పిన అంకె కాదు.

అందువల్ల ఇప్పటి కార్లతో పోటీ అనే ఆలోచనను పక్కన పెట్టండి. షెల్బీ (మస్టాంగ్‌లను మరింత శక్తిమంతంగా మార్చిన సంస్థ) మార్పులు లేని తొలి మస్టాంగ్‌లలో అన్నిటికంటే బలమైనది 271 హార్స్‌పవర్ రకం. దానికే నాటి పత్రికల పరీక్షల్లో గంటకు 60 మైళ్ల వేగం అందుకోవడానికి ఎనిమిది సెకన్ల వరకు పట్టేది. 2018 తరం టయోటా క్యామ్రీ వీ6 అదే పనిని ఆరు సెకన్లలోపే పూర్తి చేస్తుంది. అయినా పాత వీ8లో తక్కువ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) వద్దే టార్క్ (తిప్పే బలం) పుష్కలంగా అందుతుంది కాబట్టి, ఊళ్లో సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు అది కాగితం మీది లెక్క కంటే చురుగ్గా అనిపిస్తుంది. ఆ ఆనందం నిజమైనదే, దాని కోసం ఈ బండి కొనడంలో తప్పేమీ లేదు.

1966లో నాలుగు ఇంజన్లు ఉండేవి. ఛాసిస్ నంబరులో ఐదో అక్షరం ఏ ఇంజనో చెబుతుంది. టి అంటే 200 ఘనపు అంగుళాల, అంటే 3.3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, 120 హార్స్‌పవర్. మిగతా మూడూ 289 ఘనపు అంగుళాల, అంటే 4.7 లీటర్ల వీ8లే: సి అంటే రెండు బ్యారెళ్ల (గాలి వెళ్లే గొట్టాల) కార్బ్యురేటర్‌తో 200, ఎ అంటే నాలుగు బ్యారెళ్లతో 225, కె అంటే 271. మీకు చెప్పిన అంకె నిజమైతే ఐదో అక్షరం ‘ఎ’ అయి ఉండాలి. ‘టి’ ఉన్న బండిలో వీ8 కనిపిస్తే, దాన్ని తరువాత ఎవరో మార్చి బిగించారన్న మాట. అప్పుడు చక్రాల బోల్టులు కూడా లెక్కపెట్టండి. ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్ల బండికి చక్రానికి నాలుగు, వీ8కి ఐదు వచ్చేవి. ఇంజన్ మార్చి నాలుగు బోల్టుల చక్రాలనూ, చిన్న బ్రేకులనూ అలాగే వదిలేసిన బండిని మాత్రం కొనవద్దని గట్టిగా చెబుతాను.

ఆరు సిలిండర్ల ఇంజన్‌ను చిన్నచూపు చూడనక్కర లేదు. అది తేలికైనది, ముందు భాగం మీద భారం తక్కువ, మరమ్మతు సులువు. అయితే దాని ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని చేర్చే గొట్టాల అమరిక) సిలిండర్ హెడ్‌తో కలిపి ఒకే పోతగా ఉంటుంది కనుక, మంచి మానిఫోల్డ్ తెచ్చి బిగించి శక్తి పెంచుకుందామంటే కుదరదు. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఆ లోటు మీకు తెలిసివస్తుంది. మీ అవసరానికి నేను వీ8నే సూచిస్తాను. ‘ఎ’ ఇంజన్‌లో కంప్రెషన్ (సిలిండర్‌లో మిశ్రమాన్ని నొక్కే నిష్పత్తి) 10:1 కాబట్టి ప్రీమియం పెట్రోల్ వాడాలి. వెతికితే ‘సి’ బండి దొరికినా వదులుకోకండి, ఊళ్లో తిరగడానికి ఆ 25 హార్స్‌పవర్ తేడా పెద్దది కాదు.

వెనుక యాక్సిల్ నిష్పత్తి (చక్రం ఒక చుట్టు తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలన్న లెక్క) ఎంతో తప్పక అడగండి. నిజమైన పికప్‌ను ఇంజన్‌తో పాటు నిర్ణయించేది అదే. ఈ బండ్లలో ఓవర్‌డ్రైవ్ (వేగంలో ఇంజన్ చుట్లను తగ్గించే) గేరు లేదు. 3.00 నిష్పత్తితో గంటకు 70 మైళ్ల వద్ద ఇంజన్ సుమారు 2,800 ఆర్‌పీఎంతో తిరుగుతుంది, అదే 3.50 అయితే 3,300 వరకు వెళుతుంది. రెండోది మొదట్లో బాగా ఉరుకుతుంది గాని, డల్లాస్ దాకా ప్రయాణం చేస్తే ఆ రొద భరించడం కష్టం.

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు. 1966 వరకు మాస్టర్ సిలిండర్‌లో (పెడల్ ఒత్తిడిని చక్రాల బ్రేకులకు పంపే భాగంలో) ఒకే సర్క్యూట్ ఉండేది. ఎక్కడ ఒక్క గొట్టం కారినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచే రెండు సర్క్యూట్లు వచ్చాయి. బండి ఇంటికి తెచ్చాక కార్బ్యురేటర్ మీదా, రంగు మీదా ఖర్చు పెట్టే ముందు రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌నూ, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులనూ వేయించండి.

ప్రశ్న: 1975 కార్వెట్ చూశాను. 350 వీ8కి 165 హార్స్‌పవర్ మాత్రమే అని ఉంది. అంత పెద్ద ఇంజన్‌కు అంత తక్కువ ఎందుకు?
— ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: కొంత కారణం పైన చెప్పిన నెట్ కొలతే. మిగిలినది నిజంగా తగ్గిన శక్తి. తక్కువ ఆక్టేన్ పెట్రోల్‌తో నడవాలని 1971 నుంచే జనరల్ మోటార్స్ కంప్రెషన్ తగ్గించింది. 1975 నాటి ఈ ఇంజన్‌లో అది 8.5:1. ఆ ఏడాదే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని హానికర వాయువులను తగ్గించే పరికరం) వచ్చింది. ఇంజన్ రెండు వైపుల నుంచి వచ్చే పొగ గొట్టాలు ఒకే కన్వర్టర్‌లో కలిసి, తిరిగి రెండు సైలెన్సర్లుగా చీలుతాయి. అక్కడే ఇంజన్ ఊపిరి బిగబట్టినట్టవుతుంది. అదనపు ధరకు ఇచ్చిన ఎల్82 రకానికి 205 హార్స్‌పవర్ ఉండేది, దొరికితే దాన్నే చూడండి. మీ రాష్ట్రంలో 1975, అంతకు ముందు బండ్లకు స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష అవసరం లేదు. 1976 బండికి అవసరం. అయితే పరీక్ష లేదన్న కారణంతో కన్వర్టర్‌ను తీసేయడం చట్టసమ్మతం కాదు.

ప్రశ్న: మస్టాంగ్ 5.0కి (5.0 లీటర్ల వీ8 రకానికి) 1992లో 225, 1993లో 205 హార్స్‌పవర్ అని చదివాను. ఇంజన్ మారిందా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: 1993లో ఫోర్జింగ్ (లోహాన్ని ఒత్తి రూపొందించిన) పిస్టన్ల బదులు పోత పిస్టన్లు వేశారు. కానీ అంకె తగ్గడానికి అది కారణం కాదు. ఫోర్డ్ ఆ ఇంజన్ శక్తిని తిరిగి లెక్కగట్టి ప్రకటించింది, అంతే. నడిపి చూస్తే 1992, 1993 బండ్ల మధ్య తేడా కనిపెట్టడం కష్టం. మంచి స్థితిలో ఉన్న ఏ ఏడాది బండైనా, పైన చెప్పుకున్న 271 హార్స్‌పవర్ పాత మస్టాంగ్‌ను సునాయాసంగా దాటిపోతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్, మాన్యువల్ బండిలో ఐదో గేరు ఉండటంతో రోజువారీ వాడకానికి కూడా అదే అనువైనది.