అమ్మ ఫారం ఒకటి చెబుతోంది, బాబు ఫారం ఇంకోటి చెబుతోంది: ఏది నమ్మాలి?

పన్నెండేళ్ల బాబుకి చదువు మీద ధ్యాస లేదని కౌన్సెలర్‌కి చూపిస్తే, మీరు నింపిన ఫారంలో కుదురులేనితనం, బాబు నింపిన దాంట్లో దిగులు, భయం ఎక్కువగా వచ్చాయన్నారు. ఎవరిది నిజమని అడిగారు. రెండూ నిజమే అయ్యుండొచ్చండి. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇంట్లోనూ ఇదే జరిగింది కాబట్టి రాస్తున్నాను.

మా అమ్మాయికి ఇచ్చింది ఎస్‌డీక్యూ, అంటే పిల్లల ప్రవర్తన, మనసులోని ఇబ్బందులు తెలుసుకోవడానికి వాడే ఫారం. రాబర్ట్ గుడ్‌మన్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు 1997లో ప్రచురించిన ప్రశ్నావళి. 25 వాక్యాలుంటాయి. గత ఆరు నెలల్ని తలుచుకుని ఒక్కోదానికి 'కాదు', 'కొంతవరకు', 'కచ్చితంగా' అని టిక్కు పెట్టాలి. 11 ఏళ్ల నుంచి పిల్లలు సొంతంగా నింపే ఫారం వేరే ఉంటుంది. తరచూ తలనొప్పి, కడుపునొప్పి వస్తాయా అన్నచోట నేను 'కాదు' అన్నాను, మా అమ్మాయి 'కచ్చితంగా' అంది.

కౌన్సెలర్ ఆ ఒక్క తేడా పట్టుకుని మెల్లిగా అడిగితే సంగతి బయటికొచ్చింది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. క్లాసులో వరసగా లేపి పాఠం చదివిస్తుంటే, తన వంతు వచ్చేదాకా కడుపులో తిప్పుతుందట. ముందు బెంచీల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే పాఠం ఎక్కడ చెవికెక్కుతుంది? టీచర్‌కి కనబడేది ఆ పరధ్యానమే.

అలాగని మీరు చూసింది తప్పనుకోకండి. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం అనే సమస్య) ఉన్న పిల్లలు తమ కుదురులేనితనాన్ని తక్కువ చేసి చెప్పుకోవడం మామూలే. అది పెద్దవాళ్లకే బాగా కనబడుతుంది. లోపలి దిగులు మాత్రం పిల్లలు చెబితేనే తెలుస్తుంది. రెండూ కలిసి ఉన్న పిల్లలూ ఎందరో. అందుకే టీచర్ ఫారం కూడా తప్పకుండా నింపించండి. ఏడీహెచ్‌డీ అనాలంటే లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇల్లు, బడి లాంటి రెండుచోట్లైనా కనబడాలి. స్కోరు ఒక్కటే చూసి జబ్బు పేరు పెట్టేస్తే ఒప్పుకోకండి. కళ్లు, చెవులు, నిద్ర సంగతీ చూపించండి.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా. ఇంటికెళ్లాక "ఇలా ఎందుకు రాశావురా, నీకేం తక్కువ చేశాం?" అని నిలదీయకండి. ఈసారి ఫారం ఇస్తే అన్నీ 'కాదు' అని పెట్టేస్తాడు. నింపేటప్పుడు పక్కన కూర్చోకండి. చదవడం కష్టమైతే కౌన్సెలర్‌నే తెలుగులో చదివి వినిపించమనండి.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. అంతదూరం వెంటనే వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. చచ్చిపోవాలనుందన్న మాట బాబు నోట ఎప్పుడైనా వస్తే మాత్రం ఫారాల సంగతి పక్కనపెట్టి ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.