తెలంగాణ పల్లెల్లో చెరువు నీటిని ఆయకట్టు రైతులు ఎలా పంచుకునేవారు?

ఈ పంపకం బాధ్యత ప్రధానంగా నీరటిది, అంటే ఊరి చెరువు నీటిని చూసుకునే మనిషిది. తూము ఎత్తడం, కాలువలను కనిపెట్టుకుని ఉండటం, ఆయకట్టు చివరి మడికి సైతం తడి అందేలా వంతులు నడపడం అతని పని కాగా, అందుకు ప్రతిఫలంగా రైతులు నూర్పిళ్ల సమయంలో తమ పంట నుంచి కొంత ధాన్యం కొలిచి ఇచ్చేవారు. చెరువులో నిలిచిన నీటిని బట్టి యాసంగిలో ఎంత విస్తీర్ణంలో నాట్లు వేయాలో ముందే నిర్ణయించే పద్ధతిని తైబందీ అంటారు. ఈ ఏర్పాటులో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇదే, ఎందుకంటే నాటిన పైరు నడుమ ఎండిపోయే ప్రమాదాన్ని అది చాలావరకు తప్పించేది. బోరుబావులు పెరిగాక, ఎవరి నీరు వారికే ఉండటంతో, నీరటి ప్రాధాన్యం చాలాచోట్ల తగ్గింది. 2015లో మొదలైన తెలంగాణ ప్రభుత్వ చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించింది, ఆ సారవంతమైన మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. అయితే పూడికతీతతో పాటు, తూము దగ్గర నీటి పంపకంపై ఉమ్మడి నిర్ణయం కూడా అంతే అవసరం.