మామ తెచ్చిన సీలాండ్ డాలర్లు

ప్రశ్న: మా మేనమామ ఓడల్లో పనిచేసేవాడు, ఆయన తెచ్చిన వెండి బిళ్ల ఒకటి మా ఇంట్లో ఉంది సార్. సీలాండ్, 1972, పది డాలర్లు అని ఉంది, ఒకావిడ బొమ్మ కూడా ఉంది. బ్యాంకులో చూపిస్తే అట్టాంటి దేశమే లేదన్నారు. దొంగ నాణెమా ఇది? ఒకాయన ఇట్టాంటిదే ఇంకోటి పాతిక వేలకి ఇస్తా, ముందు ముందు లక్షలవుద్ది అంటున్నాడు, కొనమంటారా?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: కొనొద్దు తమ్ముడూ. మీ దగ్గరున్నది మాత్రం భద్రంగా పెట్టుకోండి, దాన్ని దొంగ నాణెం అనలేం, ఎందుకంటే దొంగ నాణెం అంటే ఉన్న దేశం డబ్బుకి నకలు కొట్టడం. సీలాండ్ అనేది ఇంగ్లండ్‌లో సఫోక్ తీరానికి పన్నెండు కిలోమీటర్ల దూరాన సముద్రంలో రెండో ప్రపంచ యుద్ధం టైములో కట్టిన కోట, రెండు లావుపాటి స్తంభాలు, పైన ఒక డెక్కు, అంతే. 1967లో రాయ్ బేట్స్ అనే మాజీ సైనికాధికారి దాన్ని పట్టుకుని ఇది నా దేశం అన్నాడు, బిళ్ల మీద ఉన్నావిడ ఆయన భార్య జోన్. ఏ దేశమూ గుర్తించలా. ఆస్ట్రేలియాలో గోధుమలు ఇంతే అమ్మాలన్న కోటా దగ్గర గవర్నమెంటుతో గొడవపడి 1970లో హట్ రివర్ అనే సొంత దేశం అంటూ విడిపోయిన రైతు కూడా నాణేలు కొట్టించాడు, 2020లో అది మూతపడింది.

నాకు బాగా ఇష్టమైంది లండీ కథ. ఇంగ్లండ్ పక్కన బ్రిస్టల్ ఛానల్ అనే సముద్రపు పాయలో ఉన్న ఆ దీవిని కొనుక్కున్న మార్టిన్ హార్మన్ 1929లో ఒకవైపు తన బొమ్మ, ఇంకోవైపు పఫిన్ పిట్ట బొమ్మతో పఫిన్, అర పఫిన్ అని నాణేలు వేయించాడు, ఒక పఫిన్‌కి ఒక పెన్నీ లెక్క. బ్రిటిష్ వాళ్లు కేసు పెట్టారు, నా దీవి మీ చట్టం కిందకి రాదని వాదించాడు గానీ కోర్టు ఒప్పుకోలా, అయిదు పౌన్ల జరిమానా పడింది. ఇప్పుడు కలెక్టర్లు, అంటే పాత నాణేలు సేకరించేవాళ్లు, ఆ పఫిన్లని డబ్బిచ్చి మరీ కొంటారు.

మన దగ్గర కూడా 2011 నాణేల చట్టం ప్రకారం ప్రైవేటు లోహపు ముక్కల్ని డబ్బుగా చలామణీ చేస్తే నేరమే, సేకరణ కోసం దాచుకుంటే ఇబ్బంది లేదు. నెల్లూరు చిన్నబజారులో నమ్మకమైన వెండి షాపులో తూకం వేయించి వెండి ఎంత శాతమో చూపించుకోండి, అంతవరకు విలువ గ్యారంటీ, ఆ పైన ఎంతనేది కొనే కలెక్టర్ ఇష్టం. తోమొద్దు, తోమితే కలెక్టర్ల దగ్గర రేటు పడిపోద్ది.

ఇంకోటి, 1780ల్లో మన నెల్లూరు దగ్గరే ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలి, పాత గుడి శిథిలాల కింద కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి, ట్రాజన్, హాడ్రియన్ అనే రోమన్ చక్రవర్తుల కాలంవి. వాటిని మన ఊరిదాకా ఎవరు తెచ్చారో రాసిపెట్టినోళ్లు లేరు. అందుకని మామని అడిగి ఏ రేవులో, ఏ సంవత్సరం, ఎంతకి కొన్నాడో ఒక కాయితం మీద రాయించి బిళ్లతో పాటే పెట్టండి.