పెద్ద కంపెనీ అయితే భద్రత ఉన్నట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ ఫైనలియర్. క్యాంపస్‌లో ఒక పెద్ద ఐటీ కంపెనీకి 3.36 లక్షల ప్యాకేజీతో సెలెక్ట్ అయింది. హైదరాబాద్‌లో నలభై మంది పనిచేసే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ 5.5 లక్షలు ఇస్తానంటోంది. తను రెండోదే అంటోంది, మాకేమో పెద్ద కంపెనీ అయితే భద్రత కదా అని. ఏం చేయమంటారు? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మన ఇళ్ళలో పెద్ద కంపెనీ అంటే గవర్నమెంటు ఉద్యోగానికి తమ్ముడు అనుకుంటామండి. టీసీఎస్ అంతటిదే 2025లో 2 శాతం మందిని, అంటే 12 వేలకు పైగా ఉద్యోగులను తీసేస్తామని ప్రకటించింది. అందులో ఎక్కువమంది మధ్య, పై స్థాయి వాళ్ళే అనుకోండి. ఫ్రెషర్ల టెన్షన్ వేరు: 2022లో ఇన్ఫోసిస్ ఆఫర్ తీసుకున్న కొందరు జాయినింగ్ కోసం రెండేళ్ళ దాకా ఎదురుచూశారు. చేరాక కూడా ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద, అంటే పని లేకుండా ఉండాలి, దొరికింది సపోర్ట్ పనైతే రాత్రి షిఫ్టుల్లో టికెట్లు (క్లయింట్లు పంపే ఫిర్యాదులు) క్లోజ్ చేస్తూ, కాలేజీలో నేర్చుకున్న కోడింగ్ కూడా మర్చిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. ఏ పని ఇస్తారన్నది మన చేతుల్లో ఉండదు, నాకు అన్నిటికంటే పెద్ద లోటు అదే. పైగా 3.36 అంటే పీఎఫ్, గ్రాట్యుటీ వాటా కలిపిన లెక్క, చేతికి నెలకు పాతిక వేలు కూడా రాకపోవచ్చు. నచ్చక మానేద్దామన్నా చాలా చోట్ల 90 రోజుల నోటీసు.

లాభాలు లేవనను. ట్రైనింగ్ బాగుంటుంది, మెకానికల్, సివిల్ చదివి ఐటీలోకి వచ్చేవాళ్ళకు నేనే పెద్ద కంపెనీ చెప్తాను. పేరున్న కంపెనీ రెజ్యూమేలో పనికొస్తుంది, ఆన్‌సైట్, అంటే విదేశాల్లో క్లయింట్ దగ్గర పనిచేసే అవకాశాలూ ఉంటాయి.

కానీ మీరు భద్రత అనుకుంటున్న వాటిలో చాలావరకు పెద్ద కంపెనీల సొత్తు కాదు. 20 మంది ఉన్న సంస్థ కూడా పీఎఫ్ కట్టాలి, గ్రాట్యుటీ, 26 వారాల ప్రసూతి సెలవు 10 మంది ఉన్నా వర్తిస్తాయి. చట్టం ఉన్నంత మాత్రాన అందరూ కడతారని కాదు, అందుకే చేరకముందే అక్కడ పనిచేసే ఒకరిద్దరిని అమ్మాయినే అడగమనండి: జీతం ఏ తారీఖున పడుతోంది, పీఎఫ్ పాస్‌బుక్‌లో ప్రతి నెలా డబ్బు కనిపిస్తోందా, కంపెనీకి ఉన్నది ఒక్క క్లయింటేనా. ఒక్క క్లయింటే అయితే నేను భయపడతాను, వాడు వెళ్ళిపోతే జీతాలు ఆగుతాయి.

వీటికి సరైన జవాబులొస్తే అమ్మాయి మాటే వినండి. సీఎస్‌ఈ చదివి, తన ప్రతిభతో ఆఫర్ తెచ్చుకున్న పిల్లకు మొదటి రెండేళ్ళు నిజంగా కోడ్ రాసే చోటు కావాలి. ఇంటి ఖర్చో, ఎడ్యుకేషన్ లోనో తన జీతం మీదే ఆధారపడి ఉంటే మాత్రం పైన చెప్పిన మూడూ ఇంకా గట్టిగా విచారించండి. చిన్న కంపెనీ నుంచి జాయినింగ్ డేట్‌తో ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా పెద్ద కంపెనీకి కాదని చెప్పొద్దు. ఇన్నాళ్ళలోపు మానేస్తే డబ్బు కట్టాలనే బాండ్ ఉందేమో చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే ఇంక ఆలోచన లేదు, వదిలేయండి.