సోలార్ కార్ చేస్తున్న మా మేనకోడలికి

చిన్నీ,

నువ్వు కాలేజీలో సోలార్ కార్ టీమ్‌లో చేరావంట, బ్యాటరీ, వైరింగ్ పనంతా నీకే అప్పజెప్పారంట, నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో, షాపుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పా. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

బరువు తగ్గించండి, టైర్లలో గాలి రోజూ చూసుకోండి, ప్యానెల్‌లోని సోలార్ సెల్స్‌ని వేలితో నొక్కకండి, కంటికి కనపడని పగుళ్లొస్తాయి. ఒక్క సెల్ మీద నీడ పడ్డా ఆ వరసంతా దెబ్బతింటుంది, నీడ పడ్డ సెల్స్‌ని తప్పించి కరెంటుకి పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు మర్చిపోవద్దు. నాలుగు చదరపు మీటర్ల సిలికాన్ ప్యానెల్‌కి మంచి ఎండలో కూడా వచ్చేది వెయ్యి వాట్ల లోపే, ఇస్త్రీపెట్టెకి సరిపోయే కరెంటు, దాంతోనే 2023లో ఆస్ట్రేలియా సోలార్ కార్ల రేసులో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా 3000 కిలోమీటర్లు పోయారు మీలాంటి పిల్లలు. 1987లో మొదలైంది ఆ రేసు.

ఇక నా భయం చెప్తా. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌ని ఆపే స్విచ్చే లేదు తల్లీ. కల్యాణదుర్గం వైపు ఒక వేరుశనగ చేలో సోలార్ పంపు బిగిస్తున్నప్పుడు మాతో ఒక కుర్రాడు ఉండేవాడు, నీ వయసే, చాలా చురుకు. పంపు నడుస్తుండగానే, ఐసోలేటర్ (ప్యానెల్ కరెంటుని విడగొట్టే స్విచ్) తియ్యకుండా, ఫ్యూజు హోల్డర్ పట్టుకుని లాగేశాడు. 600 వోల్టుల డీసీ, అంటే ఆగకుండా ఒకే వైపు పారే కరెంటు. ఇంటి కరెంటైతే సెకనుకి 100 సార్లు సున్నాకొస్తుంది కాబట్టి నిప్పు తెగిపోతుంది, డీసీ తెగదు, హోల్డర్ దూరం జరిగేకొద్దీ మంట సాగుతూనే ఉంటుంది. నీలంగా, కళ్లు మూసుకున్నా కనపడేంత వెలుగు, ప్లాస్టిక్ కరిగి వాడి అరచేతికి అతుక్కుపోయింది. బండి మీద అనంతపురం తీసుకెళ్తుంటే దారంతా "అమ్మకి చెప్పొద్దన్నా" అంటూనే ఉన్నాడు. చెయ్యి నిలబడింది కానీ రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.

అందుకే ముందు లోడ్, అంటే కరెంటు వాడుకుంటున్న మోటారు, ఆపు, తర్వాత ఐసోలేటర్ తియ్యి, తర్వాత మీటర్ పెట్టి చూడు, అప్పుడే చెయ్యి పెట్టు. ఎవడు తొందర పెట్టినా సరే, నీ సీనియర్ అయినా సరే. బ్యాటరీ ప్యాక్ అయితే రాత్రి కూడా ఆగదు. 2019లో ఆ రేసులోనే నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ పిల్లల నూనా కారు అందరికంటే ముందుండి, అడిలైడ్ ఇంకో 300 కిలోమీటర్లు కూడా లేదనగా బ్యాటరీ అంటుకుని కాలిపోయింది. నడిపే పిల్లాడు క్షేమంగా దిగాడు, అది చాలు నాకు. మీ డ్రైవర్ ఎవరి సాయం లేకుండా ఎన్ని సెకన్లలో దిగగలడో కారు కదలక ముందే చూసుకోండి.

అమ్మమ్మ పెట్టిన గాజులు ప్యాక్ దగ్గర తీసేయ్, అమ్మమ్మకి నేను చెప్పుకుంటా. ఒంటరిగా రాత్రుళ్లు పని చేశావంటే మాత్రం వచ్చి హాస్టల్ ముందే తిడతా. తిండి మానొద్దు.

వెయ్యి వోల్టుల రబ్బరు గ్లవ్స్ కొనుక్కో, డబ్బులు ఫోన్‌పే చేశా. మీ మెయిన్ ఫ్యూజు మీద డీసీ అని, ఎన్ని వోల్టులకో రాసుంటుంది, అది ఫోటో తీసి ఇవాళే పంపు.

మీ మావయ్య