38 వేల మైళ్ళే తిరిగిందన్నాడు

"30 ఏళ్ల నాటి మోటార్‌హోమ్ (లోపలే ఇల్లున్న బండి) ఒకటి దొరికింది, చాలా తక్కువ మైళ్ళు తిరిగింది. ఇంజన్ కూలింగ్‌కి పెద్దగా మెయింటెనెన్స్ ఏముంటుంది, కూలెంట్ మారిస్తే చాలదా?" అని అడిగారు.

చాలదండీ. ఆ "తక్కువ మైళ్ళు" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నాకూ ఆ మాట చెప్పే అంటగట్టారు. 1994 ఫోర్డ్ ఈ-350, 460 క్యూబిక్ అంగుళాల ఇంజన్, మీటరు మీద 38 వేల మైళ్ళు. ఏడాదిలో ఎక్కువ కాలం పక్కన పడి ఉన్న బండి అన్నమాట. అమ్మినాయన అదేదో సుగుణంలా చెప్పాడు, నేనూ అలాగే విన్నాను. పైపుల్లో, బెల్టుల్లో ఉండే రబ్బరుకి మైళ్ళతో పనిలేదు, ఏళ్లతోనే పని. నన్నడిగితే మోటార్‌హోమ్‌లు తిరిగి చావవు, నిలబడి చస్తాయి.

మా అత్తగారూ మావయ్యగారూ కాకినాడ నుంచి వచ్చిన వేసవి. లాస్ ఏంజెలెస్ నుంచి వేగాస్ మీదుగా జయన్ నేషనల్ పార్క్‌కి తీసుకెళ్దామని ఆగస్టులో బయలుదేరాం. ఆగస్టులో మొజావె ఎడారి దాటడమేమిటని అడక్కండి, పిల్లల స్కూలు సెలవులు అప్పుడే. బేకర్ చేరేసరికి మధ్యాహ్నం రెండు. డెత్ వ్యాలీలో 1913లో నమోదైన 134 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు గుర్తుగా ఆ ఊళ్లో 134 అడుగుల థర్మామీటరు నిలబెట్టారు. దాని మీద ఆ రోజు 111. అందరూ ఫోటోలు దిగారు.

బేకర్ సముద్రమట్టానికి వెయ్యి అడుగులు కూడా ఉండదు. అక్కణ్ణుంచి మౌంటెన్ పాస్ దాకా రోడ్డు 4,700 అడుగులకు ఎక్కుతుంది. ఇంజన్ హీటెక్కకుండా ఏసీ ఆపమని దారిలో బోర్డులుంటాయి. ఆపాను. వెనకనుంచి అత్తగారు "ఈ మాత్రం దానికి ఇంత బండెందుకు, హోటల్‌కి ఎంతయ్యేది?" అన్నారు. ఈ ప్రశ్న నన్ను అడగని బంధువు లేడు. లెక్క చెప్తే ఒప్పుకోరు, కాబట్టి చెప్పడం మానేశాను.

ఆ కాలం ఫోర్డు టెంపరేచర్ మీటర్లో అంకెలుండవు. సి (చల్లన), హెచ్ (వేడి) అక్షరాల మధ్య "నార్మల్" అన్న మాటని ఆరు ఇంగ్లీషు అక్షరాలుగా పరిచి పెట్టారు. ముల్లు వాటిలో దేని మీదున్నా నార్మలే అని మనకో ఓదార్పు. నా ముల్లు ఎప్పుడూ రెండో అక్షరం దగ్గర ఉండేది. ఎక్కడం మొదలెట్టాక ఎమ్ దాటింది, ఏ దాటింది, ఎల్ మీద నిలబడి హెచ్ వైపు చూస్తోంది. స్పీడు 35కి పడిపోయింది. సీట్ల మధ్య ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టలేకపోతున్నాను.

మావయ్యగారు ఆర్టీసీలో డ్రైవరుగా రిటైరయ్యారు. అప్పటిదాకా కిటికీలోంచి కొండలు చూస్తూ కూర్చున్న మనిషి, "అల్లుడుగారూ, ఫ్యాన్ కూత రావట్లేదేంటండీ?" అన్నారు. ఆయన తోలిన పాత లేలాండ్ బస్సుల్లో ఫ్యానుకి క్లచ్ ఉండదు, ఎప్పుడూ తిరుగుతూ అరుస్తూనే ఉంటుంది. అందుకే అలా అడిగారు. అంటే ఆయన లెక్క తప్పు, కానీ జవాబు ఒప్పు. నా బండిలో ఉన్నది ఫ్యాన్ క్లచ్. రేడియేటర్ దాటి వచ్చే గాలి బాగా వేడెక్కితే అందులోని సిలికాన్ ఆయిల్ ఫ్యాన్‌ని పట్టుకుని తిప్పుతుంది, అప్పుడు విమానం లేస్తున్నట్టు హోరొస్తుంది. నాకు ఏ హోరూ లేదు. చదును రోడ్డు మీద 60లో పోతుంటే గాలి దానంతటదే తగులుతుంది, రోగం బయటపడదు. ఎత్తు ఎక్కుతూ నెమ్మదిస్తేనే ఫ్యాన్ పనితనం తెలిసేది.

ఆ ఎండలో ముందు హీటరూ వెనక హీటరూ ఫుల్లుగా పెట్టాను. ఇంజన్ వేడి కొంత ఇంట్లోకి వస్తుంది కాబట్టి ముల్లు కాస్త దిగింది. లోపల మేం ఆరుగురం ఉడికిపోయాం. హాలొరన్ స్ప్రింగ్స్ ఎగ్జిట్‌లో దిగి, ఒక అరగంట ఆగి, పల్లం కదా అని మెల్లగా బేకర్‌కి వెనక్కి వచ్చాం. మావయ్యగారు తడి తువ్వాలు పట్టుకుని రేడియేటర్ మూత తీయబోతే నేనే ఆపాను. వేడి మీద ఆ మూత తీయకూడదు, ఎంత అనుభవం ఉన్నా సరే. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్‌ని పీకి పారేద్దామని కూడా అన్నారు. మన మెకానిక్కులందరికీ ఉన్న జబ్బే ఇది. ఇలాంటి కంప్యూటర్ ఇంజన్‌కి అది పీకితే బండి ఎప్పటికీ సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు తాగేస్తుంది.

ఎండ దిగాక రాత్రి పదింటికి బార్‌స్టో మీదుగా ఇంటికి. జయన్ లేదు, వేగాస్ లేదు.

గ్యారేజీలకి ఫోన్ చేస్తే "పొడుగెంత?" అనే మొదటి ప్రశ్న, "మా షెడ్‌లో పట్టదు" అనే రెండో మాట. చివరికి ఇంటి ముందే నేను విప్పాను. క్లచ్ చుట్టూ జిడ్డు మట్టి, అంటే ఆయిల్ ఎప్పుడో కారిపోయింది. కింది హోస్ విప్పితే పైకి కొత్తదానిలా ఉంది, లోపల రబ్బరు పెచ్చులుగా రాలుతోంది. ఏసీ కండెన్సరుకీ రేడియేటరుకీ మధ్య పాతికేళ్ల పురుగులూ దుమ్మూ దుప్పటిలా పేరుకున్నాయి. కూలెంట్ చూస్తే బురద రంగు. ఆయిల్ మార్చే షాపువాడెవడో ఆకుపచ్చ దాని మీద నారింజది పోశాడు.

ఇప్పుడు రెండేళ్లకోసారి ఆకుపచ్చదే, సగం డిస్టిల్డ్ వాటర్‌తో మారుస్తాను. కుళాయి నీళ్లు పోస్తే లోపల స్కేల్ పడుతుంది. కొత్త ఫ్యాన్ క్లచ్, బెల్టు, థర్మోస్టాట్, వెనక హీటరుకి వెళ్లే పొడుగాటి పైపులతో సహా హోసులన్నీ మార్చాను. ఆ పొడుగు పైపుల్ని అందరూ మర్చిపోతారు. రేడియేటర్ మూత కూడా మార్చాలి, అది చిన్న విషయం కాదు. 15 పౌండ్ల ఒత్తిడి పట్టి ఉంచే మూత ఉంటేనే సగంసగం కూలెంట్ 265 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మరగకుండా ఉంటుంది. స్ప్రింగు సడలిన మూతతో 225 దగ్గరే పొంగుతుంది. రేడియేటర్ కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ వాడొద్దు, రెక్కలు వంగిపోతాయి. మామూలు గొట్టంతో ఇంజన్ వైపునుంచి బయటికి కడగండి.

మీరు ఆ బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్లండి, ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. ఇంజన్ ఆగి, చల్లగా ఉండగా ఫ్యాన్‌ని చేత్తో ఒక్క తోపు తోయండి. కాస్త బిగువుగా తిరిగి ఆగిపోతే సరే. సీలింగ్ ఫ్యాన్‌లా నాలుగు చుట్లు తిరిగిందా, ధరలో క్లచ్చూ హోసులూ తగ్గించమనండి. "మీరొస్తున్నారని వేడి చేసి పెట్టానండీ" అన్నాడంటే మాత్రం, కాఫీ తాగొస్తానని చెప్పి మూడు గంటల తర్వాత వెళ్లండి.